ఎవరి ఉత్తరం వారు

మన అమ్మమ్మల కాలంలో ఉత్తరం వచ్చిందంటే సగం వీధికి తెలిసేది. పోస్టుమేన్ గుమ్మంలో నిలబడి పేరు పెట్టి పిలవగానే అమ్మమ్మ తడిచెయ్యి కొంగుకు తుడుచుకుంటూ బయటికి వచ్చేది. కార్డును అటూ ఇటూ తిప్పి చూసేది. తర్వాత ఎదురింటి కుర్రాడికి కబురు పెట్టేది. వాడు బడినుంచి వచ్చేదాకా ఆ కార్డు దేవుడి గూట్లో వుండాల్సిందే. వాడొచ్చి గడగడా చదివేవాడు. అత్తవారింట్లో కూతురి కష్టం, అల్లుడి అలక, తీరని బాకీ, అన్నీ ముందు ఆ కుర్రాడి నోట పలికి, తర్వాతే అమ్మమ్మ చెవిన పడేవి. వాడు మధ్యలో ఒక ముక్క మింగేస్తే ఇదేమిట్రా అని అడిగే దారి లేదు. 1951 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో చదవడం, రాయడం వచ్చిన ఆడవాళ్ళు నూటికి దాదాపు తొమ్మిదిమంది. తక్కినవాళ్ళందరి గుట్టూ మరొకరి నోట్లో వుండేదన్నమాట.

మనం చదువుకున్నాం కనుక ఆ బాధ మరిచిపోయాం. చూపులేనివాళ్ళకు మాత్రం ఎమ్మే ప్యాసయినా, ఆఫీసులో పెద్ద కుర్చీలో కూర్చున్నా, నిన్నమొన్నటిదాకా అమ్మమ్మగారి బాధే. జీతం ఎంత పడిందో తమ్ముడు చూసి చెప్పాలి. పరీక్ష ఫలితం పక్కింటావిడ చదవాలి. పెళ్ళి కుదిరిన పిల్లకు పెళ్ళికొడుకు రాసిన ఉత్తరాన్ని వదినగారు గొంతు సవరించుకుని వినిపించాలి! అంతకంటే వేరే శిక్ష ఏముంటుంది చెప్పండి?

ఈ శిక్షను చాలావరకు తప్పించిన వస్తువు పేరు స్క్రీన్ రీడర్. పేరు విని అదేదో పెద్ద యంత్రమనుకోకండి. కంప్యూటర్లోనో, ఫోన్లోనో వుండే ఒక ప్రోగ్రాం అది. తెరమీద ఏ మాట వుందో, ఏ బొత్తాం దగ్గర వున్నామో పైకి చదివి చెబుతుంది. మనం కంటితో చేసే పనిని వాళ్ళు చెవితో చేసుకుంటారు. ఇప్పుడు స్క్రీన్ రీడర్లు ఒకటి కాదు, చాలా వున్నాయి. వాటిలో ఏది ఎంచుకోవాలన్నది మనం చీర ఎంచుకోవడంలాంటిది కాదు. చీర నచ్చకపోతే పెట్టెలో పెట్టెయ్యొచ్చు. ఇది రోజుకు ఏడెనిమిది గంటలు చెవిలో వినవలసిన గొంతు. అసలు ఎంచుకునే భాగ్యం వాళ్ళకు ఎలా వచ్చిందో అదో పెద్ద కథ. రెండువందల ఏళ్ళనాటి ఆ కథ మొదలైంది కూడా ఒక ఆడమనిషి ఉత్తరంతోనే.

ఇటలీలో కరోలినా ఫాంటోనీ అనే జమీందారీ ఇంటి ఆడపడుచు వుండేది. పడుచు వయసులోనే ఆమెకు చూపు పోయింది. పెల్లెగ్రినో తుర్రి అనే ఆయన ఆమె స్నేహితుడు. ఆవిడ తన మనసులో మాట మరొకరి చేత రాయించుకోనక్కర లేకుండా తానే రాసుకోవాలని ఆయన ఒక మిషను తయారుచేసి ఇచ్చాడు. మీట నొక్కితే కాగితం మీద అక్షరం పడుతుంది. దానిమీద ఆమె 1808 ప్రాంతంలో రాసిన ఉత్తరాలు కొన్ని ఇప్పటికీ భద్రంగా వున్నాయి. మిషను మాత్రం మిగల్లేదు. సిరా బదులుగా తుర్రి ఒక నల్లకాగితం వాడాడు. తర్వాతి కాలంలో మనం కార్బన్ పేపరు అన్నది అలాంటిదే. టైపుమిషన్లకు ముత్తవ్వలాంటి యంత్రం ఆఫీసుల కోసం పుట్టలేదు. ఒక చూపులేని ఆవిడ తన ఉత్తరం తాను రాసుకోవడానికి పుట్టింది. ఈ సంగతి నాకు భలే ముచ్చటగా వుంటుంది.

అబిడ్స్, నాంపల్లి సందుల్లో మేడమెట్ల పక్కన టైపు ఇన్‌స్టిట్యూట్ బోర్డులు వేలాడే రోజుల్లో లోయరు, హయ్యరు పరీక్షలకు కూర్చున్నవాళ్ళు మీలో చాలామందే వుంటారు. ఎ, ఎస్, డి, ఎఫ్ అంటూ వేళ్ళు ఆడిస్తుంటే, మీటలవంక చూడకుండా కొట్టమ్మా అని మాస్టారు కసిరేవారు కదూ? చూపులేనివారు ఇవాళ కంప్యూటర్ మీద రాసేది సరిగ్గా ఆ పద్ధతిలోనే. కావాలంటే మీ ఇంట్లో కీబోర్డు మీద ఎఫ్, జె మీటలు తడిమి చూడండి. రెండింటి మీదా చిన్న గీతలాంటి ఉబ్బు తగులుతుంది. చూపుడువేళ్ళు తమ ఇల్లు తాము వెతుక్కునే గుర్తు అది.

అయితే కరోలినాకు తీరింది సగం బాధే. ఉత్తరం తానే రాసింది, సరే. జవాబు వస్తే ఎవరు చదవాలి?

ఆ రెండో సగానికి దారి చూపినవాడు పదిహేనేళ్ళ కుర్రాడు. లూయీ బ్రెయిల్ 1809లో ఫ్రాన్సులో ఒక పల్లెటూళ్ళో పుట్టాడు. తండ్రి గుర్రాలకు జీనులు కుట్టేవాడు. మూడేళ్ళ పసివాడు తండ్రి పనిముట్టుతో ఆడుకుంటుంటే అది కంట్లో గుచ్చుకుంది. ఆ కన్నూ పోయింది, పుండు రెండో కంటికి పాకి అదీ పోయింది. పదో ఏట పారిస్‌లోని అంధుల బడిలో చేరాడు. చార్లెస్ బార్బియే అనే ఆయన ఉబ్బెత్తు చుక్కలతో రాసే పద్ధతి ఒకటి అప్పటికే కనిపెట్టాడు గానీ, అందులో ఒక్కో గుర్తుకు పన్నెండు చుక్కలదాకా కావాలి. అన్ని చుక్కలు ఒక్క వేలికి ఒకేసారి అందవు. లూయీ దాన్ని ఆరు చుక్కలకు కుదించాడు. అది 1824 మాట. 1829లో పుస్తకంగా వేశాడు. 1852లో చనిపోయాడు. ఫ్రాన్సు ప్రభుత్వం ఆ లిపిని అధికారికంగా ఒప్పుకున్నది 1854లో! మహానుభావులకు సన్మానాలు ఆలస్యంగా జరగడం మన దేశానికే ప్రత్యేకం కాదన్నమాట.

మన దేశంలో మొదట్లో బ్రెయిలీ కూడా తలొక రకంగా వుండేది. ఒక బడిలో నేర్చుకున్నది మరో బడిలో పనికొచ్చేది కాదు. 1951లో అన్ని భాషలకూ కలిపి భారతి బ్రెయిలీ అని ఒకటి ఖాయం చేశారు. తెలుగు ‘క’ అయినా, హిందీ ‘క’ అయినా, బెంగాలీ ‘క’ అయినా అవే చుక్కలు. ఇంత చక్కని ఐకమత్యం కంటితో చదివే మన లిపుల్లో లేనే లేదు. అదే ఏడాది డెహ్రాడూన్‌లో మొదటి బ్రెయిలీ ముద్రణాలయం పెట్టారు. తపాలాశాఖ కూడా ఒక మర్యాద చేసింది. అంధుల పుస్తకాల కట్ట ఏడు కిలోల బరువుదాకా అయితే దానిమీద తపాలాబిళ్ళ అంటించనక్కర లేదని నియమం పెట్టింది. అబిడ్స్ జీపీవో అయినా, మారుమూల పోస్టాఫీసు అయినా అదే నియమం.

ఏడు కిలోలేమిటి, అంత బరువుండే పుస్తకాలా అనుకుంటున్నారా? ఉంటాయి మరి. బ్రెయిలీ పేజీ ఒకటి పెద్ద అట్టలాంటి కాగితం. వరుసకు నలభై గుర్తులు, పేజీకి పాతిక వరుసలు. అంటే పేజీకి వెయ్యి గుర్తులే. మనం రైల్లో చదివి పారేసే నవల బ్రెయిలీలోకి వెళితే నాలుగైదు లావాటి సంపుటాలవుతుంది. బరువు సంగతి అలా వుంచండి. అసలు చిక్కు ఏమిటంటే, ఎవరో ఒకరు పూనుకుని చుక్కల్లోకి ఎక్కించినదే చదవగలరు. పాఠ్యపుస్తకం దొరుకుతుంది. ఈ వారం పత్రిక దొరకదు. బ్యాంకు కాగితం దొరకదు. కొడుకు అమెరికా నుంచి రాసిన ఉత్తరం చుక్కల్లో రాదు కదా! కరోలినా బాధలో రెండో సగం చాలావరకు అలాగే మిగిలిపోయింది.

చుక్కలు చెయ్యలేని పని గొంతు చేసింది. అమెరికాలో రే కుర్జ్‌వీల్ అనే యువకుడు 1976 జనవరిలో ఒక యంత్రం బయటపెట్టాడు. అచ్చువేసిన కాగితం దానిమీద బోర్లించి పెడితే పైకి చదువుతుంది. మొదటిది కొన్నవాడు స్టీవీ వండర్ అనే చూపులేని గాయకుడు. ధర యాభైవేల డాలర్ల దాకా! గాయకుడు కనుక కొన్నాడు. బడిపంతులు కొనగలడా?

ఇంకో చిత్రమైన సంగతి చెబుతాను. ఈ యంత్రాలకు గొంతు ఎక్కడిది? అమెరికాలోనే డెన్నిస్ క్లాట్ అనే శాస్త్రజ్ఞుడు మనిషి గొంతు ఎలా పుడుతుందో ఏళ్ళతరబడి లెక్కలు కట్టి, ఆ లెక్కల నుంచి యంత్రానికి మాటలు నేర్పాడు. ఆయన పరిశోధన ఆధారంగా 1984లో డెక్‌టాక్ అనే మాట్లాడే పెట్టె వచ్చింది. అందులో మగగొంతుకు ఆయన గొంతే ఆధారం. ఆడగొంతుకు భార్య గొంతు, పిల్లగొంతుకు కూతురి గొంతు. మొత్తం సంసారమంతా పెట్టెలోకి ఎక్కింది! ఆ బాణీ గొంతులు విని చదువుకున్న చూపులేనివారు ప్రపంచంలో ఎంతమందో.

ఇక అసలు స్క్రీన్ రీడర్. 1986లో ఐబీఎం కంపెనీలో జిమ్ థాచర్ అనే ఆయన ఇలాంటి ప్రోగ్రాం తయారుచేశాడు. స్క్రీన్ రీడర్ అన్న మాట ఆ ప్రోగ్రాం పేరునుంచే వాడుకలోకి వచ్చింది. ఆయన దాన్ని మొదలుపెట్టడానికి కారణం తనకు చదువు చెప్పిన జెస్సీ రైట్ అనే చూపులేని ఆచార్యుడు. గురుదక్షిణ అంటే అదీ!

మరుసటేడు 1987లో టెడ్ హెంటర్ రంగంలోకి వచ్చాడు. ఈయన ఒకప్పుడు మోటారుసైకిల్ పందాల ఆటగాడు. 1978లో కారు ప్రమాదంలో రెండుకళ్ళూ పోయాయి. కూలబడిపోలేదు. కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాడు. బిల్ జాయిస్ అనే ఆయనతో కలిసి కంపెనీ పెట్టి, 1989లో జాస్ అనే స్క్రీన్ రీడర్ తెచ్చాడు. ఆ పేరు చూసి సొరచేప సినిమా గుర్తుకొచ్చిందా? రావలసిందే. అప్పటికే ఫ్లిప్పర్ అని డాల్ఫిన్ పేరుతో పోటీ ప్రోగ్రాం ఒకటి వుంది. డాల్ఫిన్‌కు పోటీ సొరచేప కాక మరేముంటుంది?

అంతా బాగుందనుకునే వేళకు కంప్యూటర్లే మారిపోయాయి. పాత కంప్యూటర్ తెరమీద వుండేవి ఉత్త అక్షరాలు. చదివి చెప్పడం సులువు. తర్వాత విండోస్ వచ్చింది. తెరనిండా బొమ్మలు, బొత్తాములు, వాటిమీదికి ఎలుకను తోలుకుంటూ వెళ్ళడం. చూపున్నవాళ్ళకు అది సుఖం. చూపులేనివాళ్ళకు కాళ్ళకింద నేల లాగేసినట్టయింది. నేర్చుకున్న ఉద్యోగాలు పోతాయేమోనని భయపడ్డారు. బొమ్మ వెనక ఏ మాట వుందో పసిగట్టే ఉపాయాలు కనిపెట్టి, 1995లో జాస్ విండోస్‌లో కూడా పలికేదాకా ఆ భయం తీరలేదు. చూపున్నవాళ్ళ సౌకర్యం కోసం ఏదైనా మారినప్పుడల్లా చూపులేనివాళ్ళు మళ్ళీ మొదటి మెట్టునుంచి ఎక్కాలి. ఈ చరిత్రలో పదే పదే జరిగింది అదే.

జాస్ మంచి ప్రోగ్రామే. ధర మాత్రం అమెరికాలో వెయ్యి డాలర్లకు అటూ ఇటూ. మన రూపాయల్లో చెబితే కంప్యూటర్ కంటే దాన్ని చదివే గొంతే ఖరీదన్నమాట. ఎంచుకోవడమనే మాటకు అప్పట్లో అర్థం లేదు. ఆఫీసువాళ్ళు కొనిపెడితే వుంది, లేకపోతే లేదు. లేనివాడు ఏదో ఒక సంస్థకు వెళ్ళి, వరసలో కూర్చుని, తనవంతు వచ్చినప్పుడు గంటసేపు వాడుకోవాలి.

ఈ ముడిని విప్పినవాళ్ళు ఇద్దరు ఆస్ట్రేలియా కుర్రాళ్ళు. మైకేల్ కర్రన్, జేమ్స్ టే. ఇద్దరికీ చూపులేదు. చిన్నప్పుడు అంధబాలల సంగీత శిబిరంలో స్నేహితులయ్యారు. చూపున్నవాడు కంప్యూటర్ కొంటే తెర దాంతోనే వస్తుంది, మేం మాత్రం తెర వినడానికి వేరే డబ్బు ఎందుకు కట్టాలి అన్నది వాళ్ళ వాదం. కర్రన్ 2006 ఏప్రిల్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ రాయడం మొదలుపెట్టాడు. 2007లో ఇద్దరూ కలిసి దానికోసం ఒక సంస్థ పెట్టారు. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, ఎవరైనా బాగుచెయ్యొచ్చు. అప్పటినుంచీ అది ఉచితమే. 2009లో ఐఫోన్‌లో వాయిస్ ఓవర్, ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ వచ్చాయి. ఫోను కొంటే గొంతు దాంతోనే! వేలితో తాకితే అక్కడ ఏముందో చెబుతుంది, రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. ధర అడ్డు తొలగిన తర్వాతే ఏది ఎంచుకోవాలి అనే ప్రశ్న పుట్టింది.

ఇంతవరకూ బాగానే వుంది గానీ, ఈ గొంతులన్నీ ఇంగ్లీషు దొరలే కదా, మన తెలుగు మాటేమిటి?

ఇక్కడే మన కథలో తమాషా వుంది. అబిడ్స్ చుట్టుపక్కలే కాదు, మన ఊళ్ళన్నిటా డీటీపీ దుకాణాల్లో పెళ్ళిపత్రికలు, కరపత్రాలు కంపోజు చేస్తారు. కంటికి ముత్యాల్లాంటి తెలుగు అక్షరాలు కనిపిస్తాయి. కానీ పాత ఫాంట్లలో ఆ తెలుగు ‘అ’ లోపల వుండేది ఒక ఇంగ్లీషు గుర్తు, పైన తొడిగింది తెలుగు ముసుగు. స్క్రీన్ రీడర్‌కు ముసుగు కనబడదు. లోపలిది చదువుతుంది. చెవికి వినబడేది తలా తోకా లేని కూత! ఇంటర్నెట్‌లో మన దినపత్రికలు కూడా చాలాకాలం ఇలాంటి ఫాంట్లతోనే నడిచాయి. ఊళ్ళో అందరూ చదివే తెలుగు పేపరు చూపులేని తెలుగువాడికి గ్రీకుభాష అయింది. ప్రపంచ భాషలన్నిటికీ తలొక స్థానం ఇచ్చే యూనికోడ్ 1991లో మొదటిసారి వచ్చినప్పుడే అందులో తెలుగుకు చోటు దొరికింది. మనవాళ్ళు ఆ చోటులోకి కాపురం మార్చడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది.

గొంతు కూడా మెల్లగానే వచ్చింది. జొనాథన్ డడింగ్‌టన్ అనే ఆయన తయారుచేసిన ఈస్పీక్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం ఎన్‌వీడీఏతోపాటే వస్తుంది. అది చాలా భాషలు పలుకుతుంది, తెలుగుతో సహా. రేకుడబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టుంటుంది ఆ తెలుగు. అయినా అలవాటుపడితే అర్థమవుతుంది. తర్వాత మద్రాసు ఐఐటీ ముందుండి, కొన్ని విద్యాసంస్థలను కలుపుకుని, భారతీయ భాషలకు గొంతులు తయారుచేయించింది. తెలుగు పని మన హైదరాబాదు ట్రిపుల్ ఐటీ చూసింది. మనిషి చదివినదాన్ని రికార్డు చేసి, ధ్వనులుగా విడగొట్టి, మళ్ళీ కూర్చే పద్ధతి అది. ఆ గొంతులను ఎన్‌వీడీఏకు జతచేశారు. ఇప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ తెలుగు గొంతు వుంది. మన లిపి రాసినట్టే పలుకుతుంది కనుక యంత్రానికి ఇంగ్లీషు కంటే ఒక విధంగా తేలికే. అయితే ‘డా.’ అంటే డాక్టరు అనీ, ‘రూ.’ అంటే రూపాయలనీ దానికి ఒకరు నేర్పాలి. తెలుగూ ఇంగ్లీషూ కలగలిపి రాసే మన మెసేజీలు చదివేటప్పుడు ఇప్పటికీ తడబడుతూనే వుంటుంది. అంతదాకా ఎందుకు, మన పిల్లలే తడబడుతున్నారు!

ఇప్పుడు ఎంచుకోవడం సంగతి చూద్దాం. మీ ఇంట్లోనో, బంధువుల్లోనో చూపులేని అమ్మాయి వుందనుకోండి. లేదా షుగరు వల్ల మామగారికి చూపు మందగించిందనుకోండి. వాళ్ళకేది మంచిది?

ముందు పని ఏమిటో చూడాలి. ఉత్తరాలు, పేపర్లు, ఫోన్లు, డబ్బు లావాదేవీలు అయితే ఫోన్లో వున్న గొంతే చాలు. కాలేజీ చదువు, కంప్యూటర్ పని అయితే ఎన్‌వీడీఏతో మొదలుపెట్టడం మేలు. ఖర్చు లేదు, నచ్చకపోతే నష్టమూ లేదు. సొంత సాఫ్ట్‌వేర్ వాడే పెద్ద ఆఫీసుల్లో ఆ పనికి తగ్గట్టు మలుచుకునే వీలుందని జాస్ కొనిపెడుతుంటారు. చాలామంది రెండూ నేర్చుకుంటారు. ఒకటి మొరాయించిన చోట రెండోది పలుకుతుంది.

తర్వాత గొంతు. ఇక్కడే ఇంట్లోవాళ్ళు పొరపడతారు. మనకు వినసొంపుగా, రేడియోలో వార్తలు చదివినట్టున్న గొంతే మంచిదనుకుంటాం. కానీ రోజూ వాడేవాళ్ళలో చాలామంది ఆ రేకుడబ్బా గొంతునే కోరుకుంటారు! కారణం వేగం. మనిషి మామూలుగా నిమిషానికి నూటయాభై మాటలు మాట్లాడతాడు. అలవాటైన చెవి నాలుగువందల మాటలు అందుకుంటుంది. అంత జోరులో తీయని గొంతు మాటలను మింగేస్తుంది, రేకు గొంతు ఒక్కో అక్షరం విడివిడిగా పలుకుతుంది. మనకు టపాకాయల దండ కాల్చినట్టుంటుంది, వాళ్ళకు పుస్తకం పేజీ తిరిగినట్టుంటుంది. నవల చదివేటప్పుడు మెత్తని గొంతు, ఆఫీసు పనికి గట్టి గొంతు పెట్టుకునేవాళ్ళూ వున్నారు. పప్పుకో గరిటె, పులుసుకో గరిటె మనం వాడమూ?

అబిడ్స్ జగదీష్ మార్కెట్‌కు ఫోను కొనడానికి వెళితే, డబ్బు చెల్లించేలోపు షాపువాడిచేత టాక్‌బ్యాక్ పెట్టించి ఫోను ఆ అమ్మాయి చేతికే ఇవ్వండి. మీరు పక్కన నిలబడండి. తెలుగులో ఒక మెసేజీ, అందులో ఒక పేరూ, ఒక అంకే వుండేలా పంపి చదివించి చూడండి. షాపువాడు అలవాటుగా మీతోనే మాట్లాడతాడు. ధర మీకే చెబుతాడు, రంగు మీకే చూపిస్తాడు. అమ్మాయితో మాట్లాడు నాయనా అని ఒక్కమాట అనండి. చెవి ఆమెది. ఎంపిక కూడా ఆమెదే.

ఇందులో మనం గమనించవలసిన అసలు విషయం ఒకటుంది. వాయిస్ ఓవర్ పెట్టుకున్నప్పుడు తెరను పూర్తిగా నల్లగా చేసుకునే సదుపాయం వుంది. టాక్‌బ్యాక్‌లోనూ అలాంటిది వుంది. చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని, తెర ఆర్పేసి, ఆ అమ్మాయి బస్సులో కూర్చుని తన ఉత్తరం తాను చదువుకోవచ్చు. పక్కసీటావిడకు ఒక్క ముక్క కనబడదు. ఆ సదుపాయం మనకే లేదు! బ్యాంకు పంపే ఓటీపీ కూడా అంతే. దాన్ని మరొకరు చదివి చెప్పవలసి వస్తే డబ్బుపెట్టె తాళంచెవి వాళ్ళ చేతికి ఇచ్చినట్టే కదా. ఇంటెడు మంచివాళ్ళ మధ్య వున్నా, తన తాళంచెవి తన కొంగున వుండడంలో వున్న ధైర్యం ఆడవాళ్ళకు ఒకరు చెప్పాలా?

నాంపల్లి మాట రాగానే మనకు రైల్వేస్టేషను, నుమాయిష్ గుర్తొస్తాయి. చదువుకునే పిల్లలకు మాత్రం గుర్తొచ్చేది పరీక్షలు. ఇంటర్మీడియట్ బోర్డు, పబ్లిక్ సర్వీస్ కమిషన్ రెండూ అక్కడే. చూపులేనివాళ్ళు పరీక్ష రాయాలంటే వాళ్ళు చెబుతుంటే రాసిపెట్టే మనిషి కావాలి. చెప్పింది సరిగా రాశాడో లేదో తెలుసుకునే దారి లేదు. మళ్ళీ ఎదురింటి కుర్రాడే! కేంద్రప్రభుత్వం 2013లోనూ, మళ్ళీ 2018లోనూ ఇచ్చిన మార్గదర్శకాలు బ్రెయిలీలో రాయాలా, కంప్యూటర్ మీద రాయాలా అన్నది అభ్యర్థి ఎంచుకోవచ్చన్నాయి. కంప్యూటర్ అయితే ఒకరోజు ముందు వచ్చి సరిచూసుకునే వీలుండాలన్నాయి. కాగితం మీద ఎంచుకునే హక్కు వచ్చింది. అది వుందని తెలిసి అడిగేవాళ్ళు పెరగాలి.

అడిగితే ఏమవుతుందో చూపించినవారు శ్రీకాంత్ బొల్లా. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో రైతుకుటుంబంలో పుట్టారు. పుట్టుకతో చూపులేదు. డాక్టర్ సాయిబాబా గౌడ్ 1991లో స్థాపించిన బేగంపేట దేవ్‌నార్ అంధుల పాఠశాలలో చదివారు. పదోతరగతి తర్వాత సైన్సు గ్రూపు తీసుకుంటానంటే నిబంధనలు ఒప్పుకోవన్నారు. కోర్టుకు వెళ్ళి గెలిచారు. పాఠాలన్నీ మాటల రూపంలో రికార్డు చేయించుకుని విని, నూటికి తొంభై ఎనిమిది మార్కులు తెచ్చుకున్నారు. అమెరికా వెళ్ళి ఎం.ఐ.టి.లో చదివి, తిరిగివచ్చి 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టారు. 2024లో ఆయన కథ హిందీలో సినిమాగా కూడా వచ్చింది. అందులో నాకు నచ్చేది మార్కులు కాదు. నీకు ఇదే తగును అని ఊరంతా నిర్ణయించిన తర్వాత, నాకేది తగునో నేను చెబుతాను అనడం.

చట్టాలు కూడా నెమ్మదిగా ఆ మాటే అంటున్నాయి. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించి, అంధులు చదువుకునే రూపంలోకి పుస్తకాలను మార్చుకోవడం నేరం కాదన్నారు. అదే పని దేశాల మధ్య సాగడానికి 2013లో మరాకేష్‌లో ఒప్పందం కుదిరితే, 2014లో దాన్ని అందరికంటే ముందు ఆమోదించింది మన దేశమే. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. బ్యాంకు ఖాతాకు ఫోను ముందు కళ్ళు ఆర్పి చూపించమంటే, యాసిడ్ దాడిలో కనురెప్పలు పోయిన ఆడపిల్లలు ఏం చేస్తారు? చూపులేనివారు ఏం చేస్తారు? వాళ్ళు కోర్టుకు వెళ్ళారు. ఇలాంటి డిజిటల్ సేవలు అందుకోగలగడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని కోర్టు చెప్పింది.

కోర్టులు చేసేది కోర్టులు చేస్తాయి. మన చేతిలో వున్న చిన్నపని ఒకటుంది. వాట్సాప్‌లో మనం పంపే శుభలేఖలు, నోములకు పిలుపులు, సత్యనారాయణ వ్రతం ఆహ్వానాలు అన్నీ బొమ్మలే. పూలూ, వినాయకుడూ, బంగారు అక్షరాలూ! స్క్రీన్ రీడర్ దాని దగ్గరకు వచ్చి ‘ఫొటో’ అని ఒక్కమాట అని వూరుకుంటుంది. మన పిన్నికూతురు ఆ ఫొటోలో ఏముందో ఎవరినో అడగాలి. ఫొటోలో అక్షరాలను చదివే ప్రోగ్రాములు వున్నాయి గానీ, బంగారు వంకరల తెలుగు దగ్గర వాటికీ చుక్కెదురే.

కనుక ఈసారి మీ ఇంట్లో శుభకార్యానికి శుభలేఖ పంపేటప్పుడు, దానికింద తెలుగులోనే నాలుగు మాటలు టైపు చెయ్యండి. ఎవరి పెళ్ళి, ఏ రోజు, ముహూర్తం ఎన్నింటికి, ఏ హాలు. ఒక్క నిమిషం పని. పైన పిన్నికూతురి పేరు కూడా రాస్తే మరీ మంచిది.